తెలుగు కీర్తనల గ్రంథంలో ఆదరణ: సంబోధనా పరిశీలన

బైబిలు పాత నిబంధనలోని కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. తెలుగు క్రైస్తవ కుటుంబాల నిత్యజీవితంలో ఇంతగా కలిసిపోయిన బైబిలు భాగం మరొకటి లేదనవచ్చు. రోగి మంచం పక్కన 91వ కీర్తన, దూరప్రయాణానికి బయలుదేరే వేళ 121వ కీర్తన, సమాధి దగ్గర 23వ కీర్తన చదవడం సర్వసాధారణం. సాయంకాల కుటుంబ ప్రార్థనలో వరుసగా ఒక్కొక్క కీర్తన చదివే ఇళ్లు అనేకం. మన సాహిత్య చరిత్రలలో మాత్రం మిషనరీల కృషి అనగానే ముద్రణ, నిఘంటువులు, వ్యాకరణాలు ముందుకు వస్తాయి. తరతరాలుగా బిగ్గరగా చదవబడుతూ, కంఠస్థమవుతూ వస్తున్న ఈ అనువాదాన్ని తెలుగు రచనగా పరిశీలించవలసిన అవసరం ఉంది. ఈ కీర్తనలు చదివినవారికి ఊరట కలుగుతుందన్నది విశ్వాసుల అనుభవం. ఆ ఊరట వాగ్దానాలలో ఉందని సాధారణంగా భావిస్తారు. తెలుగు పాఠం సూక్ష్మంగా చూస్తే అది సంబోధనలో, ముఖ్యంగా 'ఆయన' అనే పదం 'నీవు'గా మారే తావులలో ఉందని స్పష్టమవుతుంది.

ముందుగా గ్రంథనామం. హీబ్రూలో దీనికి 'తెహిల్లీం' అని పేరు. స్తుతులు అని అర్థం. తెలుగులో 'కీర్తనలు' అన్నారు. అన్నమయ్య, రామదాసు, త్యాగరాజుల వల్ల ఆ పదానికి పల్లవి, చరణాలతో కూడిన గేయరూపం అనే అర్థం అప్పటికే స్థిరపడింది. బైబిలు కీర్తనలలో పల్లవి లేదు. ఒక భావాన్ని రెండు పాదాలలో రెండు విధాలుగా చెప్పే సమాంతరతే వాటి నిర్మాణసూత్రమని రాబర్ట్ లౌత్ 1753లో నిరూపించాడు. పేరు స్తుతిని సూచించినా, హెర్మన్ గుంకెల్ వర్గీకరణ ప్రకారం గ్రంథంలో అధికసంఖ్యలో ఉన్నవి వ్యక్తిగత విలాపకీర్తనలు. స్తుతి అనే పేరు కింద ఇంత ఫిర్యాదు ఉండడం తెలుగు పాఠకుడికి వింత గొలపదు. రామదాసు గోలకొండ చెరలో కూర్చొని తాను చేయించిన నగల లెక్క రాముడికి అప్పగించినదీ కీర్తనలోనే.

23వ కీర్తన అందరికీ తెలిసినదే గనుక అక్కడి నుంచి ప్రారంభించడం సముచితం. తెలుగు అనువాదం మొదటి వాక్యంలోనే 'లేమి' అనే పదం వాడింది. కొరత, లోటు వంటి మాటలు అందుబాటులో ఉన్నా, కలిమికి ప్రతిపదమైన లేమిని ఎన్నుకోవడంతో కూలి బతుకుల ఇళ్లలో ఆ వాక్యం దారిద్ర్యాన్ని గురించిన మాటగానే వినబడుతుంది. తర్వాత కాపరి చేసే పనుల వర్ణన అంతా ప్రథమపురుషలో సాగుతుంది. పచ్చిక, నీళ్లు, సరైన దారి ఉన్నంతసేపూ దేవుడు 'ఆయన'. చీకటి లోయ ప్రస్తావన రాగానే కర్త మారిపోతాడు. 'ఆయన' స్థానంలో 'నీవు' వస్తుంది. వర్ణన నివేదనగా మారుతుంది. శత్రువుల ఎదుట భోజనం సిద్ధపరచేదీ 'నీవే'. చివరి వచనంలో మందిరం ప్రస్తావనతో మళ్లీ యెహోవా అనే నామం, ప్రథమపురుష తిరిగి వస్తాయి. భయం లేని చోట దేవుణ్ణి గురించి మాట్లాడిన నోరు భయం కలిగిన చోట దేవుడితో మాట్లాడింది.

ఈ మార్పు హీబ్రూ మూలంలోనే ఉంది. కాని హీబ్రూ సర్వనామాలలో గౌరవభేదం లేదు. తెలుగులో 'ఆయన' మర్యాదను, దానితోపాటు కొంత దూరాన్ని సూచిస్తుంది. 'నీవు' ఆ దూరాన్ని చెరిపేస్తుంది. మూలంలో కేవలం పురుషభేదంగా ఉన్నది తెలుగులో సాన్నిహిత్యభేదం కూడా అయింది. ఆంగ్లంలో పాత మధ్యమపురుష ఏకవచనం వాడుకలోంచి తొలగి, కాలక్రమంలో ప్రార్థనకే పరిమితమైన గంభీరపదంగా మిగిలింది. తెలుగు 'నీవు'కు ఆ గతి పట్టలేదు. అది నేటికీ తల్లిని, తోబుట్టువును, బిడ్డను పిలిచే మాటే. తండ్రిని 'మీరు' అని, తల్లిని 'నువ్వు' అని పిలిచే ఇళ్లు తెలుగునాట తక్కువేమీ కావు. తండ్రిగా పేరుపొందిన దేవుడు చీకటి లోయలో తల్లికి వాడే సర్వనామాన్ని అందుకోవడం ఏ అనువాదకుడూ సంకల్పించి చేసినది కాకపోవచ్చు. భాష తానుగా చేసిన వ్యాఖ్యానమది. అక్కడే వచ్చే 'తోడు' అన్న మాట కూడా పాలు తోడుపెట్టడం నుంచి తోడబుట్టిన వారి దాకా ఇంటి లోపలి పదమే.

అనువాదకులకు ఈ 'నీవు' తెలుగు కవిత్వంలో సిద్ధంగా దొరికింది. పోతన గజేంద్రమోక్షణం ఇందుకు ఉత్తమ నిదర్శనం. మొసలికి చిక్కిన గజేంద్రుడు మొదట జగత్కారణుడు ఎవడని ప్రథమపురుషలోనే తర్కిస్తాడు. ఉన్నాడంటారే, ఆ ఉన్నవాడు నిజంగా ఉన్నాడా అని సందేహిస్తాడు. దేహబలం పూర్తిగా సన్నగిల్లిన పద్యంలో, ప్రాణాలు తావులు తప్పుతున్నాయని చెప్పుకొన్న తర్వాతనే, 'నీవు' అన్న పిలుపు వస్తుంది. 22వ కీర్తనలోనూ ఎముకలు సడలి, నాలుక దవడకు అంటుకొన్న దేహవర్ణన ఉంది. శరీరం ఓడిపోయే చోటనే సంబోధన బలపడడం రెండింటికీ సామాన్యధర్మం.

అయితే ఇక్కడొక ముఖ్యభేదం ఉంది. గజేంద్రుడి మొర కథలో భాగం. వైకుంఠంలో ఆ మొర ఎవరికి వినిపించిందో, విన్నవాడు ఎంత త్వరపడి బయలుదేరాడో చెప్పడానికి కథకుడున్నాడు. శ్రోతకు కలిగే ఊరట ఆ రాకలో ఉంది. కీర్తనలో కథకుడు లేడు. దేవుడు వచ్చాడని బయటినుంచి ధ్రువీకరించే గొంతు వినిపించదు. 13వ కీర్తన చాలా చిన్నది. ఎంతకాలమని నాలుగుసార్లు నిలదీసిన గొంతే చివర పాట పాడతానంటుంది. ఆ రెంటి నడుమ ఏం జరిగిందో పాఠం చెప్పదు. అక్కడ ఆలయంలోని యాజకుడు అభయవాక్యం పలికి ఉంటాడని, కీర్తనలో అది నమోదు కాలేదని యోఆకిమ్ బెగ్రిఖ్ 1934లో ప్రతిపాదించాడు. ఆరాధనా చరిత్ర దృష్ట్యా అది విలువైన ఊహే. కాని నేడు రాత్రిపూట ఒంటరిగా కీర్తన చదువుకొనే స్త్రీకి ఏ యాజకుడూ ఆ ఖాళీని పూరించడు. ఆమె చదివే పాఠంలో ఉన్నది ప్రశ్న, దాని తర్వాత మౌనం, ఆ మౌనం తర్వాత కూడా తెగిపోని 'నీవు'. కనుక ఇక్కడి ఊరటను సంబోధన లోపలే వెతకవలసి ఉంటుంది.

ఊరటకు తెలుగు బైబిలు వాడిన పదం కూడా పరిశీలించదగినది. 23వ కీర్తనలో దుడ్డుకర్ర, దండం చేసే పనిని 'ఆదరించు' అనే క్రియతో చెప్పారు. కొత్త నిబంధనలో పరిశుద్ధాత్మకు 'ఆదరణకర్త' అన్న పేరూ దీనినుంచే వచ్చింది. మూలంలోని హీబ్రూ ధాతువుకు ఓదార్చడమే కాక, మనసు మార్చుకొని పశ్చాత్తాపపడడం అనే అర్థమూ ఉంది. తెలుగు 'ఆదరణ' ప్రయాణం వేరు. కావ్యభాషలోనూ లోకవ్యవహారంలోనూ దానికి ప్రధానార్థం మన్నన. రాజు కవిని ఆదరిస్తాడు. గృహస్థు అతిథిని ఆదరిస్తాడు. గుమ్మంలోకి రానిచ్చి, కూర్చోబెట్టి, అన్నం పెట్టడం ఆదరణ. క్రైస్తవ వాడుకలో ఓదార్పు అనే అర్థం బలపడినా, మన్నన అనే మొదటి అర్థం తొలగిపోలేదు. అంటరానితనం వల్ల గుమ్మం బయట నిలబడిన కుటుంబాలే తెలుగు క్రైస్తవ సమాజంలో అధికభాగం. ఆ సమాజం ఈ పదాన్ని చదివినప్పుడు ఓదార్పును, మన్ననను వేరుచేసి వినగలదా? శత్రువుల కళ్లెదుట పీటవేసి భోజనం పెట్టించిన 23వ కీర్తన దృశ్యం ఆ రెండు అర్థాలకూ చోటిస్తుంది. మతం ఇచ్చే ఊరట మత్తు మాత్రమే అన్న విమర్శ మన సాహిత్యచర్చలో తరచుగా వినబడేదే. ఈ పదాన్ని దాటుకొని ఆ విమర్శ ముందుకు పోలేదు.

ఇక్కడ జాషువ 'గబ్బిలం' గుర్తుకు రావడం సహజం. 1941లో వెలువడిన ఆ కావ్యానికి కీర్తనలతో ప్రభావసంబంధం ఉందని చెప్పడం ఉద్దేశం కాదు. పోలికలోని తేడాయే ముఖ్యం. ఆ కావ్యనాయకుడికి ఆలయప్రవేశం లేదు. కాశీలోని శివుడికి తన గోడు చెప్పుకోవడానికి గబ్బిలం దౌత్యం అవసరమైంది. అతడి 'నీవు' గబ్బిలానికి చెందుతుంది. దేవుడు ఆ సంభాషణలో ప్రథమపురుషే. సంబోధించే హక్కును సమాజం లాక్కొన్నప్పుడు ఏమవుతుందో ఆ కావ్యనిర్మాణమే చూపుతుంది. కీర్తన పాఠకుడికి దూత అక్కరలేదు. మధ్యమపురుష ఏకవచనం వ్యాకరణాంశంగా ఎంత చిన్నదో, అది అందరికీ అందకపోవడం చరిత్రలో అంత పెద్ద విషయం.

కీర్తనలలో 'నీవు' దేవుడికే పరిమితం కాలేదు. 42, 43 కీర్తనలలో మూడుసార్లు తిరిగి వచ్చే ఆవృత్తివాక్యంలో మాట్లాడేవాడు తన్ను తానే పిలుచుకొని ఎందుకు కుంగావని అడుగుతాడు. త్యాగరాజు ఇలాంటి తావులలో మనసును పిలుస్తాడు. తెలుగు బైబిలు 'ప్రాణమా' అంటుంది. హీబ్రూ మూలపదానికి గొంతు, ఊపిరి, జీవం అన్న అర్థాలున్నాయి గనుక ఆత్మ, మనస్సు అనే మాటలకంటె ప్రాణం దానికి దగ్గర. ఫలితం మాత్రం అర్థసామీప్యాన్ని మించినది. మన సంప్రదాయంలో మనసు బోధించవలసిన వస్తువు, చంచలమైనది, మందలింపుకు తగినది. ప్రాణం అలసిపోయేది, ఉసూరుమనేది. మనసుకు బుద్ధి చెబుతాం, ప్రాణాన్ని బుజ్జగిస్తాం. దేవుడికి వాడిన సర్వనామమే అలసిన తన జీవానికీ వాడుకోవడం నిత్యజీవితంలో ఈ కీర్తనలు నేర్పే అలవాటు.

ఈ దృష్టితో చూసినప్పుడు నేటి వాడుకలోని ఒక ధోరణిని విమర్శించక తప్పదు. నూతన సంవత్సరపు ఆరాధనలో వాగ్దానకార్డులు తీయడం, గోడక్యాలెండరుపై నెలకొక వచనం అచ్చువేయడం చాలా సంఘాలలో ఉంది. అందుకు ఎన్నికయ్యేవి దాదాపుగా అభయవచనాలే. ఆ ఎంపిక వెనుక ప్రేమ ఉంది, సందేహం లేదు. కాని ఫిర్యాదునుంచి విడదీసిన అభయం పలచబడుతుంది. 91వ కీర్తనలోని రక్షణవచనాలనే సువార్తలలో అపవాది ఎత్తిచూపి, ఆలయశిఖరంనుంచి దూకమని యేసును ప్రేరేపిస్తాడు. వచనాన్ని సందర్భంనుంచి తెంచి పూచీపత్రంగా వాడుకోవడాన్ని బైబిలే ఎవరి నోట పెట్టిందో గమనార్హం. అదే యేసు సిలువపై పలికినట్లు మత్తయి, మార్కు సువార్తలు చెప్పేది 22వ కీర్తనలోని ఎడబాటు ప్రశ్న. అమెరికన్ బైబిలు పండితుడు వాల్టర్ బ్రూగ్గెమాన్ 1986నాటి వ్యాసంలో, ఆరాధననుంచి విలాపం తొలగిపోతే సమాజం న్యాయప్రశ్నలు వేసే శక్తిని పోగొట్టుకొంటుందని హెచ్చరించాడు. ఆ మాట పాశ్చాత్య సంఘాలనుద్దేశించినదైనా, నింద కూడా స్తుతిలో భాగమని ఎరిగిన తెలుగువారికి మరింత సులువుగా బోధపడాలి. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో దండెత్తివచ్చిన సేనలను చూస్తూ ఊరకున్న స్వామిని దెప్పిపొడిచాడు. 44వ కీర్తనలో ఓడిన జనం నిద్రపోతున్నావేమని దేవుణ్ణి లేపబోతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి తరగతిలో చెప్పదగును.

కార్డుపైకి ఎప్పటికీ ఎక్కనిది 88వ కీర్తన. విలాపకీర్తనలకు సహజమైన స్తుతివైపు మలుపు ఇందులో లేదు. స్నేహితులు దూరమయ్యారు, దేవుడే దూరం చేశాడన్నది ఆరోపణ, చీకటి అన్న భావంతోనే కీర్తన ముగుస్తుంది. వాగ్దానంలో మాత్రమే ఆదరణ ఉంటుందంటే ఈ కీర్తనకు గ్రంథంలో చోటు ఉండకూడదు. అయినా దుఃఖంలో ఉన్నవారు దీన్ని చదువుతారు, చదివి తేలికపడతారు. ఇందులో పగలు, రాత్రి, ఉదయం అని కాలాలు పేర్కొంటూ మొరపెట్టుకోవడం ఉంది. ప్రతి ఆరోపణా నేరుగా దేవుడి ముఖంమీదనే 'నీవు' అని మోపబడింది. ఆ గొంతు ఆయన ఇలా చేశాడని మూడోవాడితో చెప్పుకోదు. 23వ కీర్తనలో చీకటి రాగానే మొదలైన 'నీవు' ఇక్కడ చీకటి తొలగకపోయినా కొనసాగింది.

ఇటీవలి దశాబ్దాలలో సంఘాలలోని ఆశుప్రార్థనలలో దేవుణ్ణి 'మీరు' అని సంబోధించడం కూడా వినబడుతోంది. చదువు, ఉద్యోగం, పట్టణవాసం నేర్పిన మర్యాద దైవభాషలోకీ ప్రవేశించిందని దీన్ని అర్థం చేసుకోవచ్చు. ఒకే కూడికలో 'మీకు వందనాలు' అని ప్రార్థించినవారు మరుక్షణంలో కీర్తన తెరిచి 'నీవు' అని చదువుతున్నారు. ఏ కష్టంలో ఎవరు ఏ సర్వనామానికి మళ్లుతున్నారో, సమాధి దగ్గర 'మీరు' నిలబడుతోందో లేదో క్షేత్రపరిశోధన ద్వారా సేకరించవలసి ఉంది.