వెల్లుల్లి వంతు చివరనే

పల్నాడులో ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునేది వేసవి మొదట్లో, ఉగాదికి కాస్త అటూ ఇటూగా. అప్పటికి కల్లాల్లో మిరపకాయ గలగలమంటుంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్ వైపు నుంచి కొత్త వెల్లుల్లి కూడా దిగుతుంది. చలిదేశాల్లో ఎండలు మొదలవగానే వెల్లుల్లి మొక్కకు వచ్చే పూకాడను లేతగా తెంపి వేపుడు చేసుకుంటారు. తెంపితే గడ్డ కూడా బాగా ఊరుతుంది. మన మైదానాల్లో పండే రకాలు పూకాడ వేయడం అరుదు. ఇక్కడ వెల్లుల్లంటే పాయే, అది చేరేది కూరకారంలోనే.

నరసరావుపేట, మాచర్ల, గురజాల ఇళ్లలో తొడిమలు తీసిన కాయలు మరోసారి ఎండలో పడతాయి. మోస్తరు ఘాటుకు 334 రకం, మంట కావాలంటే కాస్త తేజ. మంట గింజల్లో ఉంటుందంటారు గాని, అది గింజలు అంటుకునే తెల్లటి ఈనెలో ఉంటుంది. ధనియాలు, జీలకర్ర, మెంతులు దోరగా వేయించి, కల్లుప్పుతో సహా రోట్లో వేస్తారు.

వెల్లుల్లి వంతు ఆ తర్వాతే. పాయలో తడి ఎక్కువ. ముందే వేస్తే మిరపకాయ నలగదు, రోకలికి ముద్దలా అంటుకుంటుంది. పొడి మెత్తబడ్డాక పొట్టుతోనే వేసి నాలుగు పోట్లు వేస్తే చాలు. పాయ చితికినప్పుడే దానిలోని అల్లిన్ అనే పదార్థం, ఒక ఎంజైము కలిసి ఆ ఘాటు వాసన పుడుతుంది. నలగని పాయకు అంత వాసనే ఉండదు. ఎంజైము వేడికి చెడిపోతుంది గనుక వేయించిన పాయతో కొట్టిన కారం ఎంత ఎర్రగా ఉన్నా చప్పగానే తోస్తుంది. వేగంగా తిరిగే పిండిమరలో కారం వేడెక్కుతుంది. రోకళ్ల మిల్లు నెమ్మదిగా దంచుతుంది. కాస్త దూరమైనా అక్కడికే వెళ్లడం మేలు.

కొట్టిన కారాన్ని వేడి చల్లారాక చేత్తో నలిపి ఉండలు విడదీసి, తడిలేని జాడీలో గట్టిగా అదుముతారు. కొందరు పైన ఆముదం రాస్తారు.

వంటలోనూ అదే వరుస. కాకరకాయో వంకాయో నూనెలో పూర్తిగా మగ్గాక, దించే ముందు చల్లి రెండుసార్లు కలిపితే సరి. ముందే వేస్తే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది, కారం నల్లబడుతుంది. ఇడ్లీలోకైతే పొయ్యితో పనే లేదు, కారంలో కాస్త నెయ్యి కలుపుకుంటే చాలు.