స్లాబ్ వేరు, నేల వేరు

భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో కాంక్రీటు స్లాబ్‌నైనా, దానిపై పరిచే టైల్స్‌నైనా ‘ఫ్లోర్’ రూపంలోనే గీస్తారు. ఒకే ఫ్లోర్‌లో పొరలు పేర్చే వీలూ ఉంది: అడుగున 125 మి.మీ. కాంక్రీటు, దానిపై 40 మి.మీ. సిమెంటు మాలు, అన్నిటికీ పైన 10 మి.మీ. విట్రిఫైడ్ టైల్. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే సులువనిపిస్తుంది. చిక్కు తర్వాత వస్తుంది.

రెవిట్ ఫ్లోర్ మందాన్ని లెవెల్ నుంచి కిందికి లెక్కిస్తుంది. టైల్ తీసేసి 20 మి.మీ. గ్రానైట్ పెడితే పై మట్టం కదలదు, అడుగున ఉన్న కాంక్రీటే 10 మి.మీ. దిగిపోతుంది. ఇంటివారు రాయి మార్చుకున్నంత మాత్రాన పోసిన స్లాబ్ దిగదు కదా! అందుకే రెంటినీ విడిగా గీయడమే సరైన పద్ధతి. లెవెల్‌ను పూర్తయిన నేల మట్టంగా తీసుకుంటే, స్లాబ్ దానికి 50 మి.మీ. కింద ఉంటుంది. ఆ సందులో గదికో ఫినిష్ ఫ్లోర్ వస్తుంది. గ్రానైట్ వేసే గదిలో మాలు 30 మి.మీ.కు తగ్గితే చాలు, మట్టం కలిసిపోతుంది.

విడదీయడానికి ఇంకో కారణం హద్దులు. స్లాబ్ గోడల బయటి అంచు దాకా పోతుంది, టైల్ లోపలి అంచు దగ్గరే ఆగుతుంది. 10 × 12 అడుగుల గదికి చుట్టూ 9 అంగుళాల గోడలుంటే లోపలి వైశాల్యం 120 చదరపు అడుగులు. బయటి అంచుల వరకు గీస్తే 155కు పైనే. ఒక్క గదికే 35 చదరపు అడుగుల టైల్స్ అదనంగా లెక్కలోకి వస్తాయి.

అన్నిటికంటే ఓపికగా చేయాల్సింది స్నానాల గది. దించి పోసిన స్లాబ్ ఒక ఫ్లోర్, ఆ గుంట పూడ్చే నింపుడు మరొకటి, వాటం ఉన్న నేల మూడోది. 80కి 1 వాటమంటే 1.6 మీటర్ల దూరంలో 20 మి.మీ. దిగుడు. నీరు పోయే నహానీ ట్రాప్ దగ్గర ఒక బిందువు పెట్టి దాన్ని అంత మేర దించాలి. అంతకుముందే మాలు పొరకు ‘వేరియబుల్’ అని టిక్ పెట్టాలి. అప్పుడే అడుగు సమతలంగా ఉండి, మాలు మందం మాత్రమే మారుతుంది. మేస్త్రీ పని కూడా అలాగే సాగుతుంది. టిక్ లేకపోతే నేల ఒకే మందంతో అడుగుతో సహా వంగి, కింది నింపుడులోకి చొచ్చుకుపోతుంది.