గీత లేని కొల్లేరు

కొల్లేటి మాట వస్తే ‘కాంటూరు’ రాకుండా ఉండదు. ప్లస్ ఐదా, ప్లస్ మూడా అని ఆకివీడులో టీ కొట్టు దగ్గర కూడా వాదనే. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున పోయే గీత లోపల 308 చదరపు కిలోమీటర్లు, మూడడుగుల గీత లోపల 135. రెండడుగుల్లో 173 పోతాయి! 1999లో అభయారణ్యానికి హద్దు ఆ ఐదు మీదే పెట్టారు.

పాత పటాలు చూడటం నాకో పిచ్చి. సర్వే ఆఫ్ ఇండియా వారి 65 హెచ్/2 షీటు బల్ల మీద పరిచి ఆ గీతను ఎంత వెతికినా దొరకదు. 1:50,000 స్కేలులో కాంటూరు 20 మీటర్లకొకటి. ఏజెన్సీ కొండలకు అది చాలు. కొల్లేరంతా మొదటి గీతకు ఎక్కడో కిందనే ఉండిపోతుంది. మెట్ట వైపు పోతే గానీ కాంటూరు గోధుమరంగు కనబడదు. ఇన్ని వేల బతుకులు ఆధారపడ్డ గీత ఆ పటంలోనే లేదన్నమాట.

కానీ షీటు చెప్పేవి వేరే ఉన్నాయి. చేపల చెరువులు రాకముందు నాటి షీటు, ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టండి. పాతదాంట్లో అన్నీ వంకరలే: ఏరు, బురదనేల, మధ్యలో కొల్లేటికోట, గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక. కొత్తదాంట్లో ఎటు చూసినా రూళ్లకర్రతో కొట్టినట్టు గట్లు. 2001 నాటి ఉపగ్రహ చిత్రాల అధ్యయనంలో 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం చేపల చెరువులేనని తేలింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు పేల్చారు. తర్వాత ఏమైందో ఆ దారిన బస్సులో పోయేవాళ్లకు చెప్పక్కర్లేదు.

పటం మీద నేను ఎక్కువసేపు చూసేది నీళ్లు పోయే దారిని. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. సముద్రానికి పోయేది మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్లు, మెలికలు తిరుగుతూ. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు అందరి చూపూ గండ్ల మీదే. నీలిగీత వెంట వేలు పెట్టి కిందికి జరిపితే వచ్చేది కొల్లేరే, ఆపైన ఉప్పుటేరే. పై ఊళ్ల వరద ఎన్నాళ్లుంటుందనేది కింద దారి ఎంత తెరిచి ఉందన్న దాన్నిబట్టి కూడా ఉంటుంది.

ఇక జిరాయితీ రైతు తన పొలం గీతకు లోపలో బయటో ఈ షీటు చూసి తేల్చుకోలేడు. అడుగడుగుకూ కాంటూరు గీసిన పెద్ద స్కేలు పటం ప్రతి పంచాయతీ గోడ మీదా ఉండాలి. అది పెట్టకుండా ఐదు, మూడు అని వాదించుకోవడం నాకైతే ఉత్త రాజకీయంలా కనిపిస్తుంది.