బిగువే బలం: సువర్ణభూమి విమానాశ్రయం పనితనం

బ్యాంకాక్ నడిబొడ్డు నుంచి తూర్పుగా సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే, పక్కనున్న సముత్ ప్రాకాన్ రాష్ట్రంలో సువర్ణభూమి విమానాశ్రయం వస్తుంది. 2006 సెప్టెంబరు 28న పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టింది. పేరు పెట్టింది అప్పటి థాయ్ రాజు భూమిబోల్. 2019లో దాదాపు ఆరున్నర కోట్ల మంది ఈ దారిన వచ్చి వెళ్లారు. వాళ్లలో చాలామంది గేటు నంబరు, దుకాణాల బోర్డులు తప్ప మరేమీ చూసి ఉండరు. కానీ మన కాలపు నిర్మాణ కౌశలంలో మేలైన పని కొంత ఇక్కడ ఉంది. రూపకల్పన షికాగోలో స్థిరపడిన జర్మన్ వాస్తుశిల్పి హెల్ముట్ యాన్‌ది. కట్టడపు లెక్కలు వెర్నర్ సోబెక్‌వి. లోపలి చల్లదనం సంగతి మథియాస్ షూలర్ చూశారు. ఎవరి పని ఎక్కడ ఆగి ఇంకొకరిది ఎక్కడ మొదలైందో చెప్పలేనంతగా ముగ్గురి పనీ కలిసిపోయింది.

ముందు నేల సంగతి చెప్పాలి. ఇది ఒకప్పుడు చిత్తడి. నాగుపాముల మడుగు అని జనం పిలిచేవారు. కింద మీటర్ల లోతున మెత్తటి బంకమన్ను. అలాంటి చోట ఉన్నపళంగా రన్‌వే వేస్తే ఏటికేడు కుంగుతూనే ఉంటుంది. అందుకని మట్టిలోకి నిలువుగా, దగ్గరదగ్గరగా సన్నటి నీటి దారులు దింపారు. పైన బరువు పేర్చి నెలల తరబడి అలాగే వదిలేశారు. ఆ ఒత్తిడికి బంకమన్నులోని నీరు దారుల వెంట బయటికొచ్చేసింది. తర్వాత కుంగాల్సిన నేల ముందే చాలావరకు కుంగి గట్టిపడింది. చుట్టూ వరద కట్ట వేశారు, లోపల కాలువలు తవ్వి నీటిని తోడే పంపులు పెట్టారు. 2011 మహావరదల్లో పాత డాన్ మువాంగ్ విమానాశ్రయం నీట మునిగి మూతపడింది. సువర్ణభూమిలో మాత్రం విమానాలు ఆగలేదు. కంటికి కనబడని పనికి ఇంతకంటే పెద్ద కితాబు అక్కర్లేదు.

ఇక కనబడే పని. ప్రధాన టెర్మినల్ మీది కప్పును ఎనిమిది మహా ఉక్కు దూలాలు మోస్తున్నాయి. అన్నింటికీ కలిపి పదహారు స్తంభాలే ఆధారం. ఒక్కో దూలం వంద మీటర్లకు పైగా ఖాళీని ఒక్క అంగలో దాటుతుంది. ఆ దూలం మందం అంతటా ఒకేలా ఉండదు. వంచే బలం ఎక్కువగా పడే చోట లావుగా, తగ్గే చోట సన్నగా ఉంటుంది. ఎక్కడ ఎంత బలం పనిచేస్తోందో లెక్కలు రానివాళ్లకు కూడా తెలిసిపోతుంది. దాన్ని ఫాల్స్ సీలింగుతో కప్పకుండా వదిలేయడమే ఈ పనిలోని నిజాయితీ. కప్పు మీద ఏటవాలుగా అమర్చిన పలకలు మధ్యాహ్నపు ఎండను ఆపుతాయి, వెలుతురును మాత్రం లోపలికి రానిస్తాయి.

అన్నిటికన్నా నిలబడి చూడాల్సింది విమానం ఎక్కే ముందు నడిచే కాంకోర్సులు. ఉక్కు కమానుల మధ్య ఒక గడి గాజు, ఒక గడి బట్ట. నిజంగా బట్టే. గాజు నూలుతో నేసి టెఫ్లాన్ పూత పూసినది. బట్ట అంత విశాలంగా, గాలివానలకు చెదరకుండా ఎలా నిలిచింది? పట్టెలకు బిగించిన నులక మంచం లాగే, బిగువు వల్ల నిలిచింది. ఒక వైపు పైకి, అడ్డంగా కిందికి, రెండు ఎదురు వంపుల్లో లాగి కట్టడంతో ఏ వైపు నుంచి గాలి తోసినా ఏదో ఒక దిశలో లాగుడు దాన్ని నిలబెడుతుంది.

ఆ కప్పుది ఒక్క పొర కాదు, మూడు. పై పొర ఎండావానల్ని కాస్తుంది. మధ్యలో తీగల వల మీద పరిచిన పారదర్శక పలకలు విమానాల రొదను అడ్డుకుంటాయి. లోపలి పొర సన్నటి జాలీ. అది లోపలి ప్రతిధ్వనుల్ని మింగుతుంది. దాని మీది లోహపు పూత కాగిన కప్పు వేడిని కిందికి చిమ్మనివ్వదు. అడుగున నేలలోనే గొట్టాలు పరిచి చల్లటి నీరు పారిస్తారు. మనుషులు మసలే ఎత్తు వరకే చల్లబరుస్తారు, పైన పోగయ్యే వేడిగాలి జోలికి పోరు. బ్యాంకాక్ ఉక్కపోతలో ఇంత పెద్ద హాలును మొత్తంగా చల్లార్చాలనుకోవడం దండగ అని తెలిసినవాళ్ల నిర్ణయమిది.

ఇదే లాగుడు విద్య మరో రూపంలోనూ ఇక్కడ ఉంది. అంతర్జాతీయ ప్రయాణికులు పాస్‌పోర్ట్ తనిఖీ దాటాక ఎదురయ్యే క్షీరసాగర మథన శిల్పం అది. అడుగున కూర్మం, దానిపై మందర పర్వతం, శిఖరాన చతుర్భుజుడైన విష్ణువు, కొండ చుట్టూ వాసుకి. ఒకవైపు దేవతలు, మరోవైపు అసురులు. పోతన భాగవతం అష్టమ స్కంధం తెలిసిన మనకు కథ కొత్త కాదు. చూడాల్సింది ఆ ఒళ్లను. వంగిన మోకాళ్లు, నేలకు తన్నిపెట్టిన పాదాలు, పామును పట్టిన చేతులు. దేవతలకు కొసదేలిన ఎత్తైన కిరీటాలు, అసురులకు కోరలు, మిడిగుడ్లు. అలంకారమంతా థాయ్‌ల ఖోన్ నృత్య నాటక సంప్రదాయానిది. 12వ శతాబ్దంలో ఖ్మేర్ శిల్పులు అంగ్‌కోర్ వాట్ గోడ మీద ఇదే ఘట్టాన్ని దాదాపు 49 మీటర్ల పొడవున చెక్కారు. ఆ వారసత్వానికి తగ్గ పనే ఇది.

టెర్మినల్లోనే పన్నెండు మంది యక్షుల నిలువెత్తు విగ్రహాలూ ఉన్నాయి. బ్యాంకాక్‌లోని వాట్ ఫ్రా కేవ్ ఆలయపు ద్వారపాలకులకు ఇవి నకళ్లు, థాయ్ రామాయణమైన రామకియెన్‌లోని పాత్రలు. వాళ్లలో ఆకుపచ్చ ఒంటి తోత్సకాన్ మన రావణుడే.

లోపాలు లేవని కాదు. తెరిచిన కొద్ది నెలలకే, 2007లో, టాక్సీవేల మీద పగుళ్లు బయటపడి మరమ్మతులు చేయాల్సి వచ్చింది. నడక ఎక్కువని, పూత లేని బూడిదరంగు కాంక్రీటు కళావిహీనంగా ఉందని అనేవాళ్లూ ఉన్నారు. నడక మాట నిజమే. కాంక్రీటు మీది ఫిర్యాదును మాత్రం నేను ఒప్పుకోను. మోసేదాన్ని మోసినట్టే చూపించడం ఈ కట్టడం మొదటి నుంచీ పట్టిన వ్రతం. కప్పులో ఉక్కును దాచనివారు గోడలో కాంక్రీటును దాచితే మాట తప్పినట్టే.

2023లో శాటిలైట్ టెర్మినల్, 2024లో మూడో రన్‌వే వచ్చాయి. రద్దీ ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి నేరుగా బ్యాంకాక్‌కు విమానాలున్నాయి కాబట్టి మనవాళ్లు ఏటా పెద్ద సంఖ్యలో ఈ దారినే వెళ్తున్నారు. తిరుగు ప్రయాణంలో ఒక గంట ముందే చేరుకోండి. దుకాణాలు ఎక్కడైనా ఉంటాయి. సాగర మథనాన్ని ఒకసారి చుట్టూ తిరిగి చూడండి, ఆ తర్వాత గేటు దగ్గర కూర్చుని తలెత్తి కప్పును చూడండి. పిల్లలు వెంట ఉంటే వాళ్లకు రెండూ చూపించండి.