కింద నిప్పు, పైన నిప్పు

భాద్రపదం వచ్చిందంటే మా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి తోటల్లో తాటిపండ్లు రాలుతాయి. తెల్లారకముందే వెళ్లి ఏరుకొచ్చినవాళ్ల ఇంట్లో ఆ రోజు రొట్టె కాలుతుంది. పండు తొక్క ఒలిచి, టెంకల మీద కాస్త నీళ్లు చల్లి పిసికితే నారింజరంగు గుజ్జు చిక్కగా దిగుతుంది. పలచటి గుడ్డలో వడగట్టి పీచు తీసేస్తారు. అందులో వరినూక, బెల్లం, కొబ్బరికోరు కలిపి, నూనె రాసిన మందపాటి గిన్నెలో పోస్తారు. కింద సన్నని సెగ, మూతమీద కణకణలాడే నిప్పులు. ఓవెన్ చేసే పని కూడా ఇదే కదా.

ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఒడియా ఇళ్లలో జూన్ నెల రజ సంక్రాంతికి చేసే పోడపిఠా కూడా ఈ కోవలోదే. బియ్యం, మినప్పప్పు రుబ్బి, బెల్లం, కొబ్బరి, అల్లం, మిరియాలు చేర్చి, అరిటాకుల్లో చుట్టి, పొయ్యిలో నివురు కింద తీరిగ్గా కాల్చడం దాని పాత పద్ధతి. వీటిలో దేంట్లోనూ గోధుమ లేదు.

ఇంట్లోకి ఓవెన్ రాగానే మనలో చాలామంది మైదా కేకుతో మొదలుపెడతారు. మైదా, వెన్న, గుడ్లు, డబ్బాలో కొన్న టూటీ ఫ్రూటీ. చుట్టూ పనస, జీడిమామిడి, కొబ్బరి తోటలున్న పలాసలో, టెక్కలిలో కూడా అదే వరస. నాకిది బాధగా ఉంటుంది. ఉద్దానం పండుతో కేకు చేయదలిస్తే మైదా కేకుని అనుకరించనక్కర్లేదు, తాటిరొట్టె దారిన వెళ్తే చాలు. గోధుమ పడనివాళ్లకి వేరే వంట వెతికే పని కూడా తప్పుతుంది.

ఆ దారి ఏమిటో చెబుతాను. మైదాలో నీళ్లు పడగానే గ్లూటెన్ వలలా అల్లుకుంటుంది. గాలి బుడగలు అందులో చిక్కుకుని కేకు పొంగుతుంది. బియ్యంలో ఆ బలం లేదు. అక్కడ పనిచేసేది పిండిపదార్థం. నీళ్లు పీల్చుకుని, వేడికి ఉబ్బి, చల్లారాక గట్టిపడుతుంది. అందుకే నూకని గుజ్జులో కనీసం మూడు గంటలు నాననివ్వాలి. తొందరపడి పెద్దమంట పెడితే అంచులు మాడతాయి, నడుమ నూక పలుకుగా మిగులుతుంది. పొయ్యి మీంచి దించగానే కత్తి పెట్టకూడదు, ముక్క విరిగిపోతుంది. పూర్తిగా చల్లారాక కోస్తే నున్నగా తెగుతుంది. మర్నాటికి అన్నం బిరుసెక్కినట్టు ఇదీ బిరుసెక్కకుండా కాపాడేవి బెల్లం, కొబ్బరి, పండు గుజ్జు. కాబట్టి బెల్లం మరీ తగ్గించొద్దు.

పనసతో చేసేటప్పుడు తొన గట్టిగా ఉండే రకం కాకుండా జారుడు రకం తీసుకోవాలి. తొనలు మెదిపి, వడగట్టి, కాస్త దగ్గరపడేదాకా ఉడికించాలి. రెండు గ్లాసుల గుజ్జుకి రెండు గ్లాసుల నూక, గ్లాసు బెల్లం తురుము, గ్లాసు కొబ్బరికోరు, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర గంటసేపు పడుతుంది. ఓవెన్ లేకపోతే కుక్కర్ అడుగున ఇసుక పరిచి, విజిలు, రబ్బరు తీసేసి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్నని సెగన కాల్చుకోవచ్చు. పైన నిప్పు ఉండదు కనుక పైభాగం ఎర్రబడదు. చల్లారాక తిరగేసి పెనం మీద ఓ ఐదు నిమిషాలు ఉంచితే ఆ లోటు తీరుతుంది.

ఇందాక గోధుమ పడనివాళ్లు అన్నాను. వాళ్లలో కొందరిది సీలియాక్ జబ్బు. దానికీ గోధుమకీ ఉన్న సంబంధం నెదర్లాండ్స్‌లో డాక్టర్ విల్లెం డికే అనే పిల్లల వైద్యుడి పరిశీలనతో తేలింది. 1944-45 శీతాకాలం కరవులో రొట్టె దొరకనప్పుడు ఆ జబ్బున్న పిల్లలు తేరుకోవడం, రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టడం ఆయన గమనించారు. ఈ జబ్బున్నవాళ్లకి గోధుమ రవంత కలిసినా హానే. గోధుమలు ఆడిన మరలోనే బియ్యం ఆడిస్తే ఆ పిండి పనికిరాదు. నూకని ఇంట్లోనే మిక్సీలో పట్టుకోవడం క్షేమం. బొంబాయి రవ్వ గోధుమే అని మరిచిపోవద్దు.

ఇక క్రంబుల్. అడుగున పండు ముక్కలు, పైన పొడిపొడిగా కాలిన పిండి. రెండో ప్రపంచయుద్ధం రేషన్ రోజుల్లో బ్రిటన్ ఇళ్లలో బాగా వ్యాపించిన వంట. దీనికి పిండి అతుక్కోకూడదు, విడివిడిగా రాలాలి. అంటే గ్లూటెన్ లేకపోవడం ఇక్కడ లోటే కాదు. మన చోడిపిండి (రాగిపిండి) దీనికి చక్కగా సరిపోతుంది. పచ్చివాసన పోయేలా వేయించి చల్లార్చిన చోడిపిండి ఒక గ్లాసు, జీడిపప్పు ముక్క అరగ్లాసు, కొబ్బరికోరు అరగ్లాసు, కొంచెం బెల్లం, పేరిన నెయ్యి నాలుగు చెంచాలు. నీళ్లు తగలనివ్వకుండా వేళ్లకొసలతో నలిపితే ఇసుకలా అవుతుంది. పలాసలో జీడిపప్పు గుండుకి ఒక ధర, బద్దకి ఒక ధర, ముక్కకి ఒక ధర. ఇక్కడ చవకైన ముక్కే మేలు, సమంగా వేగుతుంది. అడుగున సీతంపేట అనాస గాని, మామిడి గాని పరిచి, 180 డిగ్రీల దగ్గర అరగంట కాలిస్తే అయిపోయినట్టే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో కూర్చుని వంట రాస్తూ ఆ మాట ఎత్తకపోవడం తప్పు. గోధుమ లేదు కాబట్టి అందరికీ మంచిదనుకోవద్దు. పనస, కొబ్బరి, బెల్లం, జీడిపప్పు అన్నింటిలోనూ పొటాషియం ఎక్కువ. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి అది గుండె మీదికి తెస్తుంది. వాళ్లకోసం అనాసతో, బియ్యప్పిండితో, బెల్లం బదులు పంచదారతో, జీడిపప్పు, కొబ్బరి లేకుండా చిన్న గిన్నెలో విడిగా చేయండి. ఎంత తినొచ్చో డాక్టర్ని అడిగాకే పెట్టండి.

నా మనసంతా జీడిమామిడి పండు మీదే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఎన్ని జీడి చెట్లను పడగొట్టిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మిగిలిన చెట్ల కింద మార్చి నుంచి మే దాకా జీడిపిక్క వలుచుకుని పండుని మట్టిలో వదిలేస్తున్నారు. విటమిన్ సి దండిగా ఉన్న పండు అది. వగరు ఒక్కటే దాని చిక్కు. అదేరోజు కోసిన పండ్లని చక్రాలుగా తరిగి, ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి, ఆవిరి మీద పది నిమిషాలు ఉడికించి, ఊరిన నీళ్లు పారబోస్తే ఆ వగరు చాలావరకు దిగిపోతుంది. రాత్రికి దాచితే పులుస్తుంది, కాబట్టి వాయిదా వేయొద్దు. ఆ కాలానికే వచ్చే మామిడికాయ నాలుగు ముక్కలు చేర్చి, బెల్లం చల్లి, పైన చోడిపిండి పొడి కప్పి కాల్చండి. అడుగున పండూ పైన పప్పూ ఒకే చెట్టువి.