వెనక సీటు నుంచి చూస్తే: సిటీ, సియాజ్

కార్ల సమీక్షలు చాలావరకు స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్లు రాసినవే. పికప్ ఎలా ఉంది, గేరు ఎంత మెత్తగా పడుతోంది, మలుపులో బండి ఎంత నిలకడగా ఉంది, వాళ్ల దృష్టి అంతా అక్కడే. ఇంటిల్లిపాదీ తిరగడానికి కొనే కారుకి ఆ కొలత చాలదు. నడిపేది ఒక్కరే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, కాసేపటికే నిద్రలోకి జారుకునే పిల్లలు, ఒళ్లో టిఫిన్ క్యారేజీ పెట్టుకున్న అత్తయ్య కూర్చునేది వెనక. అందుకే మన రోడ్ల మీద పదేళ్లు పోటీపడ్డ రెండు సెడాన్లను, హోండా సిటీని, మారుతి సియాజ్‌ని, వెనక తలుపు తెరిచి చూడాలనుకున్నాను.

సిటీ 1998లోనే మన దేశానికి వచ్చింది. నాలుగో తరం సిటీ 2014 జనవరిలో తొలిసారి డీజిల్ ఇంజనుతో కూడా దొరికింది. అదే ఏడాది అక్టోబరులో మారుతి, ఎస్ఎక్స్4 స్థానంలో సియాజ్‌ని దించింది. 2018 ఆగస్టులో సియాజ్‌కి కొత్త 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజను వచ్చింది. 2020 జులైలో ఐదో తరం సిటీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో సియాజ్ ఆగిపోయింది. కాబట్టి కొత్త బండి కావాలంటే ఈ రెండింటిలో సిటీ ఒక్కటే మిగిలింది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మాత్రం ఏ కార్ కన్సల్టెన్సీకి వెళ్లినా రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అసలు పోటీ ఇప్పుడు అక్కడే.

ముందు సియాజ్ వెనక సీటు సంగతి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం సియాజ్‌లో 2650 మిల్లీమీటర్లు, సిటీలో 2600. తేడా 50 మిల్లీమీటర్లే. కానీ ఆ రెండంగుళాలనూ మారుతి దాదాపుగా వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లకే ఇచ్చింది. ముందు సీట్లో పొడగరి కూర్చుని సీటు వెనక్కి జరుపుకున్నా వెనకవాళ్ల కాళ్లు ఒత్తుకోవు. సస్పెన్షన్ మెత్తన. ఊళ్లోకి వెళ్లే గతుకుల దారిలో, వరసగా పేర్చిన స్పీడ్ బ్రేకర్ల మీద, నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఆ మెత్తదనం విలువ తెలుస్తుంది. డిక్కీ 510 లీటర్లు. నలుగురు మూడు రోజులు తిరుపతి వెళ్లొచ్చే సామాను సులువుగా పడుతుంది. ఆ రోజుల్లో ఇంత ధరకి ఇంత చోటు ఇచ్చిన కారు మరొకటి లేదని నేను నమ్ముతాను. 1.5 పెట్రోల్ సియాజ్ ఎక్స్‌షోరూం ధర 2018లో 8.19 లక్షల దగ్గర మొదలైంది. రెండేళ్ల తర్వాత ఐదో తరం సిటీ 10.90 లక్షల దగ్గర మొదలైంది.

సిటీ వెనక సీటు ఇరుకని కాదు. ఐదో తరం బండి వెడల్పు 1748 మిల్లీమీటర్లు, సియాజ్‌ది 1730. ముగ్గురు కూర్చోవాల్సి వచ్చినప్పుడు భుజాల దగ్గర ఆ కాస్తా ఉపయోగపడుతుంది. డిక్కీ 506 లీటర్లు, అంటే దాదాపు సియాజ్‌తో సమానమే. కానీ సిటీలో సస్పెన్షన్ కాస్త బిగువు. పాత తరంలో టైర్ల చప్పుడు, గాలి హోరు లోపలికి బాగానే వచ్చేవి. డీజిల్ సిటీ అయితే మరీ. మైలేజీకి ఆశపడి 2014-2017 మధ్య డీజిల్ సిటీ కొన్నవాళ్లలో ఆ ఇంజను మోత గురించి ఫిర్యాదు చేయనివాళ్లు తక్కువ. ఐదో తరంలో హోండా దీన్ని గట్టిగా సరిదిద్దింది. తలుపు మూసినప్పుడు వచ్చే చప్పుడులోనే ఆ మార్పు తెలుస్తుంది.

నడిపేవాళ్ల వైపు చూస్తే సిటీదే పైచేయి, అనుమానం లేదు. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజను నాలుగో తరంలో 119 పీఎస్, ఐదో తరంలో 121 పీఎస్ ఇస్తుంది. సియాజ్ 1.5 ఇచ్చేది 105. ఊళ్లో ఈ తేడా పెద్దగా తెలియదు. నిండా మనుషులతో, ఏసీ వేసుకుని, హైవే మీద లారీని దాటాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. 2018కి ముందు వచ్చిన 1.4 లీటర్ల సియాజ్ పెట్రోల్ 92 పీఎస్ బండి. ఐదుగురు ఎక్కితే ఓవర్‌టేక్ చేసేముందు ముందుచూపుతో గేరు తగ్గించుకోవాలి. ఆటోమేటిక్ కావాలనుకుంటే ఎంపిక ఇంకా తేలిక. సిటీలో ఉన్నది సీవీటీ. గట్టిగా తొక్కితే ముందు ఇంజను అరుస్తుంది, వేగం తర్వాత వస్తుంది, కానీ మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా పాకే ట్రాఫిక్‌లో అంత హాయి మరోటి లేదు. సియాజ్ ఆటోమేటిక్‌లో చివరిదాకా నాలుగు గేర్లే. మొండి బాక్సు, చెడదు. కానీ కారు మీద పెట్టిన డబ్బుకి అది పాతకాలపు సరుకు.

మైలేజీ దగ్గర సియాజ్ బదులు తీర్చుకుంటుంది. కంపెనీ లెక్కల ప్రకారం లీటరుకి మాన్యువల్ సియాజ్ 20.65 కిలోమీటర్లు, ఐదో తరం మాన్యువల్ సిటీ 17.8. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగే ఇంట్లో, లీటరు 107 రూపాయలనుకుంటే, తేడా సుమారు 12,400 రూపాయలు. రోడ్డు మీద రెండూ అంతకంటే తక్కువే ఇస్తాయి, కానీ వాటి మధ్య దూరం అలాగే ఉంటుంది. సియాజ్ తేలికపాటి బండి కావడం ఒక కారణం, స్మార్ట్ హైబ్రిడ్ ఏర్పాటు మరొకటి. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తాను ఆగుతుంది, క్లచ్ తొక్కగానే మళ్లీ అందుకుంటుంది, బ్రేకు వేసినప్పుడు చిన్న లిథియం బ్యాటరీ కాస్త చార్జి దాచుకుంటుంది. ఇంజను ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది కనుక మే నెలలో విజయవాడలో చాలామంది ఆ ఏర్పాటుని బటన్ నొక్కి ఆపేసుకుంటారు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో ఇంకో విషయం కూడా చూడాలి. 2009 నుంచి తాను తయారుచేసిన కార్లన్నిటిలో విడిభాగాలు ఆ ఇంధనాన్ని తట్టుకుంటాయని హోండా ప్రకటించింది. పాత సియాజ్‌ల విషయంలో మారుతి నుంచి అలాంటి భరోసా లేదు. పదేళ్ల బండి కొనేవాళ్లు రబ్బరు గొట్టాలు, ఫ్యూయల్ లైన్ ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చూసి, ఇంటివాళ్ల కోసమైతే సియాజే మేలు అని ఎవరైనా తేల్చుకోవచ్చు. నేను తేల్చుకోలేకపోయిన చోటు ఒకటుంది. సియాజ్‌లో మొదటి నుంచి చివరి బండి దాకా ఎయిర్‌బ్యాగులు రెండుకి మించలేదు. రెండూ ముందు సీట్లకే. పదేళ్లు అమ్ముడైన కారు, టాప్ వేరియంట్‌లో లెదర్ సీట్లు, వెనక అద్దానికి పరదా ఇచ్చిన కారు, వెనక కూర్చున్నవాళ్ల తలకీ పక్క అద్దానికీ మధ్య ఏ అడ్డూ పెట్టలేదు. అమ్మని, పిల్లల్ని ఇంత విశాలమైన సీటుకి పిలిచి కూర్చోబెట్టిన కారు వాళ్లని పక్క నుంచి కాపాడే ఎయిర్‌బ్యాగ్ ఒక్కటీ పెట్టలేదంటే, దాన్ని చిన్న లోపంగా దాటేయడానికి నాకు మనసొప్పదు.

ఎదురుగా గుద్దుకుంటే మనిషికీ ఇనుముకీ మధ్య బానెట్, ఇంజను, డాష్‌బోర్డు ఉంటాయి. పక్క నుంచి గుద్దితే మధ్యలో ఉండేది ఒక్క తలుపే. అక్కడ సెకనులో కొన్ని వందో వంతుల్లో పైకప్పు అంచు నుంచి జారే కర్టెన్ ఎయిర్‌బ్యాగే తలని కాపాడేది. హైదరాబాద్-విజయవాడ హైవే మీద చౌటుప్పల్, సూర్యాపేట వైపు తిరిగేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. డివైడర్ల మధ్య ఖాళీలోంచి అడ్డంగా వచ్చే ట్రాక్టరు, పక్కదారి నుంచి చూసుకోకుండా ఎక్కే వ్యాను అక్కడ రోజూ కనిపించేవే. కార్లన్నిటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని కేంద్రం 2022 జనవరిలో ముసాయిదా తెచ్చింది, ఏడాది వాయిదా వేసింది, చివరికి 2023లో తప్పనిసరి చేయబోమంది. ఆ నిర్ణయం తప్పని నా అభిప్రాయం. చట్టం పట్టుబట్టకపోతే మైలేజీ అడిగే కొనుగోలుదారుడే ఎయిర్‌బ్యాగులు కూడా అడగాలి, మనవాళ్లు అడగడం లేదు.

ఈ విషయంలో సిటీ ముందుంది, కానీ అన్ని సిటీలూ కాదు. 2017 ఫిబ్రవరిలో మెరుగులు దిద్దిన నాలుగో తరంలో, అన్నిటికంటే పైదైన జడ్‌ఎక్స్ వేరియంట్‌కి ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. దాని కింది వేరియంట్లకి రెండే. ఐదో తరంలో మొదట్లో పై వేరియంట్లకి ఆరు, కింద నాలుగు ఉండేవి. ఐదో తరం సిటీకి ఆసియాన్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు స్టార్లు, రెండు ఎయిర్‌బ్యాగుల నాలుగో తరానికి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు స్టార్లు వచ్చాయి. కన్సల్టెన్సీలో "సిటీ అన్నా, టాప్ మోడల్" అని చెప్తే నమ్మి ఊరుకోవద్దు. వెనక తలుపు తెరిచి, పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందో లేదో మీరే చూడండి. పైసా ఖర్చు లేని పని.

సెకండ్ హ్యాండ్‌లో ఈ రెంటికీ వేర్వేరు భయాలున్నాయి. హోండా పెట్రోల్ కార్లకి ఫ్యూయల్ పంపు లోపం మీద 2020లో, 2021లో, మళ్లీ 2024లో రీకాల్ వచ్చింది. పెట్రోల్ సియాజ్‌లో 2018 మే నుంచి 2020 అక్టోబరు మధ్య తయారైనవాటికి స్మార్ట్ హైబ్రిడ్ మోటార్ జనరేటర్ మీద 2021లో మారుతి రీకాల్ ప్రకటించింది. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళితే ఆ మరమ్మతు జరిగిందో లేదో చెప్తారు. మీటరు వెనక్కి తిప్పారో లేదో కూడా సర్వీసు రికార్డులోనే బయటపడుతుంది. "షోరూం ట్రాక్ ఉంది" అనే మాట విని ఊరుకోకండి, ఆ ట్రాక్ ప్రింటు చేతికి తీసుకోండి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వరద బండి. 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు వందల కొద్దీ నీళ్లలో నిలిచిపోయాయి. అలాంటివి కడిగి, సీట్లు మార్చి, వేరే జిల్లాలో అమ్మకానికి పెట్టడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. సియాజ్ విషయంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ హైబ్రిడ్ బ్యాటరీ ఉండేది ముందు ఎడమ సీటు కింద. నీళ్లు కార్పెట్ దాటితే ముందు తడిసేది అదే. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే దాన్ని కడగడం ఎవరికీ గుర్తుండదు. డిక్కీలో స్టెప్నీ తీసి అడుగు చూడండి, సీటు రైలు మీద తుప్పు చూడండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకి ఆంక్షలు పెట్టడంతో డీజిల్ సిటీలు, సియాజ్‌లు చవగ్గా ఇటు వచ్చాయి. ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, మళ్లీ రిజిస్ట్రేషన్ కలుపుకుంటే ఆ చవక చాలాసార్లు మిగలదు.

రిపేరు ఖర్చు దగ్గర మళ్లీ మారుతిదే బలం. కొత్తవి ఆగిపోయినా సియాజ్ 1.5 ఇంజను ఎర్టిగా, బ్రెజాల్లోనూ నడిచిందే కాబట్టి భాగాలకి ఇప్పట్లో లోటుండదు, చిన్న పట్టణంలో మామూలు షెడ్డులో కూడా దానికి చేయి తిరిగినవాళ్లుంటారు. హోండాకి అంత విస్తారమైన సర్వీసు లేదు. భీమవరంలోనో, జగిత్యాలలోనో ఉంటున్న కుటుంబం ఇది లెక్కలోకి తీసుకోవాల్సిందే.

కొత్త బండి కొనేవాళ్లు హైబ్రిడ్ సిటీ వైపు కూడా చూస్తున్నారు. 2022 మేలో వచ్చిన ఆ బండి ఊళ్లో చాలాసేపు మోటారు మీదే నడుస్తుంది, 27 కిలోమీటర్ల మైలేజీ చెప్తారు. కానీ డిక్కీ 306 లీటర్లకి పడిపోయింది. ఐదుగురితో ఊరెళ్లే ఇంటికి అది సరిపోదు. పోటీ సెడాన్లలో వెర్నా, వర్టస్, స్లావియా కూడా చూడదగ్గవే, మూడింటికీ ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిటీలా నాలుగు మీటర్లు దాటిన పెట్రోల్ సెడాన్ల పన్ను 45 నుంచి 40 శాతానికి తగ్గింది కానీ, నాలుగు మీటర్లలోపు చిన్న ఇంజను కార్లకి అది 18 శాతమే. నాలుగు మీటర్లలోపు ఉండే డిజైర్‌కీ సిటీకీ మధ్య ధర అగాధం చాలావరకు అక్కడ పుట్టిందే.

నా ఎంపిక ఇది. ఇంటిల్లిపాదీ తరచూ హైవే ఎక్కే కుటుంబమైతే 2017-2020 మధ్య పెట్రోల్ సిటీ జడ్‌ఎక్స్, అదే వయసు సియాజ్ కంటే లక్ష ఎక్కువ చెప్పినా కొనండి. తిరుగుడంతా ఊళ్లోనే, ఆసుపత్రికి, గుడికి, పెళ్లిళ్లకి పెద్దవాళ్లని తీసుకెళ్లడమే పనైతే 1.5 మాన్యువల్ సియాజ్‌కి మించింది ఆ ధరలో దొరకదు. సియాజే కొనదలిస్తే మాత్రం 2023 ఫిబ్రవరి తర్వాతిది దొరికేదాకా ఓపిక పట్టండి. బండి జారకుండా పట్టే ఈఎస్పీ అన్ని వేరియంట్లకీ వచ్చింది అప్పటినుంచే.