కాథరిన్ హెప్‌బర్న్ హాస్యచిత్రములు

హాస్యకథలలో స్త్రీ తెలివితక్కువదిగనో, గయ్యాళిగనో కనబడుట పరిపాటి. ఈ రెండు మార్గములను విడిచి, బుద్ధిబలముచే నవ్వించిన హాలీవుడ్ నటి కాథరిన్ హెప్‌బర్న్ (1907–2003). ఆమె హాస్యచిత్రములలో మూడింటిని ముఖ్యముగా చెప్పవలెను.

1938 నాటి ‘బ్రింగింగ్ అప్ బేబీ’లో ఆమె పెంపుడు చిఱుతపులిని వెంటబెట్టుకొని, కారీ గ్రాంట్ ధరించిన అమాయక శాస్త్రజ్ఞుని ముప్పుతిప్పలు పెట్టును. గ్రుక్క తిప్పుకోని సంభాషణమే అందలి బలము. తరువాతి కాలమున ఎంతయో మెప్పు గాంచిన ఈ చిత్రమునకు నాడు తగిన ఆదరణ లభింపలేదు. ఆ యేడే థియేటర్ల యజమానుల సంఘమొకటి మఱికొందఱు తారలతోపాటు ఆమెను వసూళ్లకు విషమని ప్రకటించెను.

‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’ (1940) ఆమెకు పూర్వవైభవమును తెచ్చెను. చిత్రము సొగసైనదే. కాని అందఱును నాయిక గర్వమునకే బుద్ధి చెప్పుదురు. పరస్త్రీ వ్యామోహమున పడిన తండ్రియు తప్పు కూతురిమీదనే నెట్టును. ఆ ఘట్టమున నాకు నవ్వు రాదు.

‘ఆడమ్స్ రిబ్’ (1949) ఈ లోపమును దిద్దినది. భర్తపై తుపాకి కాల్చిన ఒక స్త్రీ పక్షమున ఆమె వాదించును. ప్రభుత్వ న్యాయవాది ఆమె భర్తయే. ఆ పాత్రధారి స్పెన్సర్ ట్రేసీ. పురుషుడు చేసిన క్షమించు లోకము స్త్రీని ఏల క్షమింపదని ఆమె ప్రశ్న. ఇంటను, కోర్టునను ఇరువురును సమవుజ్జీలే కనుక ఇచ్చటి నవ్వు ఎవరిని చిన్నబుచ్చదు. ఒక్క చిత్రమే చూడదలచిన పాఠకులు దీనినే చూడవలెనని నా మనవి.